మెట్ల లైటు లెక్క

మీ ఇంటికి మేడ ఉందా? లేకపోతే మీ బడికైనా ఉండే ఉంటుంది. మేడమెట్ల దగ్గర ఒక లైటు ఉంటుంది చూడండి. దానికి కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి. రాత్రిపూట కింద వేసి మెట్లెక్కుతాం, పైకి వెళ్లాక అక్కడి స్విచ్చితో ఆర్పేస్తాం. దిగేటప్పుడు పైన వేసి, కిందికొచ్చాక ఆర్పేస్తాం. ఇందులో వింతేముంది, రోజూ చేసే పనే కదా అంటారా?

కాస్త ఆగి ఆలోచించండి. మామూలు స్విచ్చికి వెలిగే వైపు, ఆరే వైపు అని రెండు వైపులుంటాయి. కిందికి నొక్కితే వెలుగుతుంది, పైకి నొక్కితే ఆరిపోతుంది. మెట్ల స్విచ్చికి అలాంటి నియమం లేదు. నిన్న కిందికి నొక్కితే వెలిగింది. ఇవాళ అదే స్విచ్చిని అలాగే కిందికి నొక్కితే ఆరింది. అంటే ఈ స్విచ్చి "వెలుగు" అనీ చెప్పదు, "ఆరిపో" అనీ చెప్పదు. "ఇప్పుడెలా ఉన్నావో దానికి ఎదురు తిరుగు" అని మాత్రమే చెబుతుంది.

అలా చెప్పే స్విచ్చిని ఎలా తయారుచేస్తారు? జవాబు చదివే ముందు ఒక కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. ఇక్కడొక మాట. ఈ వ్యాసంలో మీరు చేయవలసిన పనులన్నీ కాగితం మీదా, టార్చి సెల్లులతోనూ మాత్రమే. గోడలో ఉన్న స్విచ్చిబోర్డు మూత విప్పడం మీ పని కాదు. 230 వోల్టుల కరెంటు మీ మార్కుల జాబితా చూసి జాలిపడదు.

మొదట మామూలు స్విచ్చిలతోనే ప్రయత్నిద్దాం. రెండింటినీ ఒకే తీగమీద ఒకదాని తర్వాత ఒకటి పెడితే ఏమవుతుంది? రెండూ వేసి ఉంటేనే లైటు వెలుగుతుంది. మీరు కింద వేసి పైకెక్కి ఆర్పారు. ఇప్పుడు కిందనుంచి మీ అమ్మగారు రావాలంటే ఎలా? ఆవిడ స్విచ్చిని ఎన్నిసార్లు నొక్కినా ప్రయోజనం లేదు. పోనీ రెండింటినీ పక్కపక్కన, అంటే సమాంతరంగా కలుపుదామా? అప్పుడు ఏ ఒక్కటి వేసినా వెలుగుతుంది గాని, ఆరాలంటే రెండూ ఆర్పాలి. కింద వేసినవాడు పైకెళ్లి ఆర్పలేడు. రెండు పద్ధతులూ దండగే.

మనకు కావలసింది ఏమిటో ముందు పట్టిక రాసుకుందాం. కింది స్విచ్చి కొన రెండు వైపుల్లో ఎటైనా ఉండవచ్చు. పై స్విచ్చీ అంతే. కాబట్టి మొత్తం నాలుగు స్థితులు. రెండూ పైకి ఉన్నప్పుడు లైటు ఆరి ఉందనుకోండి. కిందిది నొక్కితే వెలగాలి. పైది నొక్కినా వెలగాలి. రెండూ నొక్కితే, ఒకసారి వెలిగి మళ్లీ ఆరిపోవాలి. అంటే నాలుగు స్థితుల్లో రెండింట వెలుగు, రెండింట చీకటి. ఇంకోలా చెప్పాలంటే, కిందికి నొక్కి ఉన్న స్విచ్చిల సంఖ్య బేసి అయితే వెలుగు, సరి అయితే చీకటి. సున్న కూడా సరి సంఖ్యే కదా!

చూశారా, మేడమెట్ల మీద సరి బేసి లెక్క కూర్చుని ఉంది.

ఇక తీగల సంగతి. మెట్ల దగ్గర పెట్టేది టూ వే స్విచ్చి. మామూలు స్విచ్చికి రెండు మరలుంటే దీనికి మూడుంటాయి. వాటిలో ఒకటి ఉమ్మడి మర. లోపలి ఇత్తడి నాలుక ఎప్పుడూ ఈ ఉమ్మడి మరను మిగిలిన రెండింటిలో ఏదో ఒకదానితో కలిపి ఉంచుతుంది. ఎటు నొక్కినా ఎవరితోనో ఒకరితో స్నేహమే, ఒంటరిగా మాత్రం ఉండదు.

రైలు పట్టాలు ఊహించుకోండి. రెండు స్టేషన్ల మధ్య రెండు జంట పట్టాలు, ఒకటో దారి, రెండో దారి. ఈ చివర ఒక పాయింటు, ఆ చివర ఒక పాయింటు. ఈ చివర పాయింటు ఒకటో దారి వైపు తిప్పి, ఆ చివరది రెండో దారి వైపు తిప్పి ఉంటే రైలు చేరదు. రెండూ ఒకే దారి వైపు ఉంటేనే చేరుతుంది. మెట్ల లైటు సరిగ్గా ఇదే. కరెంటు తెచ్చే ఫేజు తీగ కింది స్విచ్చి ఉమ్మడి మరకు వస్తుంది. పై స్విచ్చి ఉమ్మడి మరనుంచి తీగ బల్బుకు పోతుంది. రెండు స్విచ్చిల మధ్య రెండు తీగలు, అవే రెండు దారులు. ఎవరు ఎటు నొక్కినా, అప్పటిదాకా కలిసిన దారి విడిపోతుంది, విడిపోయినది కలుస్తుంది.

దీన్ని మీరే చేసి చూడవచ్చు. ఒక అట్టముక్క మీద తల మీద రంగు పూత లేని డ్రాయింగు పిన్నులు మూడు గుచ్చండి. మధ్య పిన్ను కింద ఒక కాగితం క్లిప్పు ఇరికించి, అది అటూ ఇటూ తిరిగి పక్క పిన్నుల్లో ఏదో ఒకదాన్ని తాకేలా అమర్చండి. మధ్య పిన్ను ఉమ్మడి మర, క్లిప్పు నాలుక. ఇలాంటివి రెండు చేయండి. ఒకదాని పక్క పిన్నులను రెండోదాని పక్క పిన్నులతో రెండు తీగలతో కలపండి. ఒక మధ్య పిన్ను టార్చి సెల్లుల కొసకు, రెండో మధ్య పిన్ను చిన్న బల్బుకు, బల్బు రెండో కొస తిరిగి సెల్లులకు. పది నిమిషాల పని.

ఇప్పుడు అసలు చిక్కు

ఒక ఇంట్లో మెట్ల లైటు ఇలా ప్రవర్తిస్తోందనుకోండి. పై స్విచ్చి ఒక వైపుంటే, కింది స్విచ్చి బాగానే పనిచేస్తుంది, వేస్తే వెలుగు, తీస్తే చీకటి. పై స్విచ్చి రెండో వైపుంటే మాత్రం కింద ఎన్నిసార్లు నొక్కినా వెలగదు. ఇంట్లోవాళ్లు ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసి "మా మెట్ల లైటు ఒక్కోసారి వెలుగుతోంది, ఒక్కోసారి వెలగడం లేదు" అంటారు. ఆయన "బల్బు లూజయి ఉంటుంది, బిగించండి" అంటాడు. ఆయన తప్పేమీ లేదు. వాళ్లు చెప్పిన ముక్కకు అదే సరైన జవాబు.

అదే మీరైతే ఏం చేస్తారు? బోర్డు ముట్టుకోకుండా, స్విచ్చిలు నొక్కుతూ నాలుగు వరసల పట్టిక రాస్తారు. నాలుగింట్లో రెండు వెలుగులు ఉండాలి, ఒక్కటే ఉంది. "ఒక్కోసారి" అన్న మాట పోయి "నాలుగింట్లో ఒకటి, అదీ ఎప్పుడూ ఒకే స్థితిలో" అన్న మాట వచ్చింది. బల్బు లూజయితే ఇంత క్రమశిక్షణగా ఆరదు. బల్బు నిర్దోషి.

మరి దొంగ ఎవరు? కాగితం మీద బొమ్మ గీసి ఒక్కొక్క తీగా తెంపి చూడండి. రెండో దారి తీగ ఎక్కడో తెగిందనుకుంటే, రెండు స్విచ్చిలూ ఒకటో దారి వైపు ఉన్నప్పుడే వెలుగుతుంది. నాలుగింట్లో ఒకటి! సరిపోయింది. అయితే తొందరపడకండి, ఇంకో అనుమానితుడున్నాడు. పై స్విచ్చిలో తీగలు తారుమారయ్యాయనుకుందాం. ఉమ్మడి మరకు రావలసిన బల్బు తీగ పక్క మరకు పోయింది, ఒకటో దారి తీగ ఉమ్మడి మరకు వచ్చింది. ఇప్పుడు నాలుక ఒక వైపు ఉంటే ఒకటో దారిని బల్బుతో కలుపుతుంది. రెండో వైపు ఉంటే ఒకటో దారిని రెండో దారితో కలుపుతుంది, బల్బును గాలికొదిలేస్తుంది. పట్టిక రాయండి. మళ్లీ నాలుగింట్లో ఒకటే!

రెండు జబ్బులు, లక్షణం మాత్రం అక్షరాలా ఒకటే. బయటినుంచి స్విచ్చిలు ఎంతసేపు నొక్కినా ఈ ఇద్దరిలో దొంగ ఎవరో తేల్చలేం. గణితం ఇంతవరకే తీసుకొచ్చింది. ఇక్కడ ఒక చిన్న ప్రశ్న పని చక్కబెడుతుంది: ఎప్పటినుంచి ఇలా ఉంది? అయిదేళ్లు బాగా వెలిగి మొన్న రాత్రి మొదలైతే తీగో, స్విచ్చి లోపలి నాలుకో దెబ్బతిన్నదని అనుమానించాలి. గోడకు రంగులు వేయించి స్విచ్చి మార్చిన రోజునుంచి మొదలైతే, తీగలు తారుమారయ్యాయి. ఇల్లు కట్టిన నాటినుంచీ ఇంతే అయితే కూడా తారుమారే.

ఇప్పుడు ఫోను చేసి ఏం చెబుతారు? "నాలుగు స్థితుల్లో ఒక్కదానిలోనే వెలుగుతోంది, స్విచ్చి మార్చినప్పటినుంచి ఇలా ఉంది." తెలిసిన ఎలక్ట్రీషియన్ ఈ ఒక్క వాక్యంతో మెయిను కట్టేసి, మొదటే ఆ స్విచ్చి విప్పుతాడు. ఇంకొక ఇంట్లో నాలుగింట్లో మూడింట వెలుగుతోందట. అక్కడ ఏం జరిగి ఉంటుందో మీరు ముందే చదివారు, వెనక్కి వెళ్లి వెతకండి.

సాయం అడగడం కూడా లెక్క చేయడం లాంటిదే. లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్లి "ఈ లెక్క రావడం లేదండీ" అంటే ఆయన మొదటినుంచీ చెప్పాలి. "మూడో మెట్టు దాకా వచ్చింది, ఇక్కడ నాకు రుణ సంఖ్య వస్తోంది, పొడవు రుణ సంఖ్య ఎలా అవుతుంది?" అంటే ఆయన కళ్లలో వెలుగు చూడండి! ఏం చేశాను, ఏం జరగాలి, దానికి బదులు ఏం జరిగింది అనే మూడు ముక్కలు చెప్పగలిగితే సగం చిక్కు విడినట్టే.

మేడ మీద మేడ

మూడంతస్తుల మేడకు మూడు స్విచ్చిలు కావాలి. మధ్య అంతస్తులో పెట్టేదాన్ని ఇంటర్మీడియట్ స్విచ్చి అంటారు. దానికి నాలుగు మరలు. వచ్చిన రెండు దారులనూ ఒక వైపు నొక్కితే తిన్నగా పంపుతుంది, రెండో వైపు నొక్కితే అడ్డంగా మార్చి పంపుతుంది, జడ అల్లినట్టు. అంతకన్నా దానికి ఏమీ రాదు, అవసరమూ లేదు. పదంతస్తులైతే మొదటా చివరా టూ వే, మధ్యలో ఎనిమిది ఇంటర్మీడియట్‌లు.

పది స్విచ్చిలకు ఎన్ని స్థితులు? రెండును పదిసార్లు గుణిస్తే 1024. అందులో ఎన్నింట లైటు వెలుగుతుంది? 1024 వరసల పట్టిక రాయనక్కరలేదు. ఏ స్థితినైనా తీసుకుని, అందులో మొదటి స్విచ్చిని మాత్రం తిప్పితే వచ్చే స్థితితో జత కట్టండి. జతలో ఒకదానిలో వెలుగు, రెండోదానిలో చీకటి. అలా 512 జతలు. కాబట్టి 512 వెలుగులు, 512 చీకట్లు. ఎన్ని అంతస్తులైనా సగం సగమే.

స్విచ్చిలకూ బీజగణితానికీ ఉన్న ఈ చుట్టరికాన్ని పెద్దలు కూడా ఆలస్యంగానే గమనించారు. ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో చెప్పులు కుట్టే ఇంట పుట్టిన జార్జ్ బూల్ చాలావరకు తనంతట తానే గణితం నేర్చుకున్నాడు. "ఇదీ అదీ", "ఇదైనా అదైనా", "ఇది కాదు" లాంటి మాటలతో కూడా కూడికలూ గుణకారాలూ చేసినట్టే లెక్కలు చేయవచ్చని 1854లో ఒక పుస్తకం రాశాడు. అప్పటికి ఇళ్లలో కరెంటు దీపాలే లేవు. తర్వాత ఎనభై ఏళ్లకు పైగా గడిచాయి. 1937లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో క్లాడ్ షానన్ అనే 21 ఏళ్ల విద్యార్థి తన మాస్టర్స్ డిగ్రీ కోసం ఒక వ్యాసం రాశాడు. ఒకదాని తర్వాత ఒకటి పెట్టిన స్విచ్చిలు బూల్ "ఇదీ అదీ", పక్కపక్కన పెట్టినవి "ఇదైనా అదైనా" అని అతను చూపించాడు. ఇక స్విచ్చిల మేళవింపు ఎంత చిక్కుగా ఉన్నా తీగలు పీకి చూడనక్కరలేదు, కాగితం మీద సమీకరణం రాసి సూక్ష్మీకరించవచ్చు. దాదాపు ఆ రోజుల్లోనే జపాన్‌లో అకిరా నకషిమా, రష్యాలో విక్టర్ షెస్తకోవ్ కూడా ఇదే దారిలో నడిచారు.

మన మెట్ల లైటు ఏ కోవలోకి వస్తుంది? "ఇదో అదో, ఒక్కటి మాత్రమే." ఇప్పుడు రెండే అంకెలతో, అంటే 0, 1తో కూడిక చేయండి. సున్నకు సున్న కలిపితే సున్న. సున్నకు ఒకటి కలిపితే ఒకటి. ఒకటికి ఒకటి కలిపితే రెండు, దాన్ని ఈ పద్ధతిలో 10 అని రాస్తాం, చివరి అంకె 0. ఆ చివరి అంకెల వరస చూడండి: 0, 1, 1, 0. చీకటి, వెలుగు, వెలుగు, చీకటి. అది మెట్ల లైటు పట్టికే! కంప్యూటరు కూడికలు చేసేచోట ఈ పట్టికే ఉంటుంది.

ఆరిన బల్బు వెలుగుతోంది

మెట్లు దిగి గదిలోకి వద్దాం. ఈ మధ్య చాలా ఇళ్లలో కనిపించే వింత ఒకటుంది. రాత్రి ఎల్.ఇ.డి. బల్బు ఆర్పేసి పడుకుంటే, చీకట్లో అది మిణుగురులా సన్నగా వెలుగుతూనే ఉంటుంది. దెయ్యమని భయపడేవాళ్లూ ఉన్నారు. దెయ్యం కాదు గాని, తేలిగ్గా తీసుకోవలసిందీ కాదు.

ఎల్.ఇ.డి.కి చాలా కొంచెం కరెంటు చాలు. పాత ఫిలమెంటు బల్బయితే అంత కరెంటుకు వేడి కూడా ఎక్కదు, అందుకే అప్పట్లో ఈ వింత కనబడలేదు. ఆ కొంచెం కరెంటు ఎక్కడినుంచి వస్తోంది? స్విచ్చిలో చిన్న ఎర్ర ఇండికేటరు దీపం ఉంటే దాని గుండా రావచ్చు. గోడలో చాలాదూరం పక్కపక్కన నడిచే తీగల మధ్య స్వల్పంగా దూకే ప్రవాహం కావచ్చు. ఈ రెండూ పెద్దగా హాని లేనివి. మూడో కారణం మాత్రం చెడ్డది: ఫేజు తీగమీద ఉండవలసిన స్విచ్చిని ఎవరో న్యూట్రల్ తీగమీద పెట్టారు. అప్పుడు స్విచ్చి కట్టేసినా హోల్డరులో 230 వోల్టులూ అలాగే ఉంటాయి. బల్బు మార్చడానికి స్టూలెక్కినవాడు "స్విచ్చి కట్టేశాను కదా" అనే ధీమాతో చెయ్యి పెడతాడు.

కాబట్టి ఆరిన బల్బు మినుకుమంటే ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. ఎలక్ట్రీషియన్‌ను అడగవలసిన ప్రశ్న: "ఈ స్విచ్చి ఫేజు మీద ఉందా, న్యూట్రల్ మీద ఉందా?" అతను టెస్టరుతో ఒక్క నిమిషంలో చెప్పేస్తాడు. అప్పటిదాకా బల్బు మార్చాలంటే స్విచ్చిని నమ్మకండి, మెయినే కట్టేయాలి.

టెస్టరంటే గుర్తొచ్చింది, ఇంకో పాత పొడుపుకథ. ఇంట్లో ఫ్యాను తిరగడం లేదు, లైటు వెలగడం లేదు. ప్లగ్గులో టెస్టరు పెడితే మాత్రం రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది! ఒకదానిలో వెలగడం సహజం, అది ఫేజు. రెండోది న్యూట్రల్, అందులో వెలగకూడదు. రెండింతల కరెంటు ఉండీ ఒక్క లైటూ వెలగదేం?

ఇంటికి వచ్చే న్యూట్రల్ తీగ ఎక్కడో తెగింది. ఫేజు వస్తోంది, ఏదో ఒక బల్బు గుండానో ఫ్యాను గుండానో అవతలికి దాటి న్యూట్రల్ తీగలోకి చేరుతోంది. అక్కడినుంచి తిరిగి పోయే దారి లేదు. దారి లేనిదే ప్రవాహం లేదు, ఫ్యాను తిరగదు. కాని ఆ తీగ మాత్రం ఫేజుతో సమానంగా పొగరెక్కి కూర్చుంది. ఇంట్లో అన్ని స్విచ్చిలూ కట్టేసి, ప్లగ్గులన్నీ తీసేస్తే రెండో రంధ్రంలో టెస్టరు ఆరిపోతుంది. ఆరిపోయిందంటే నిర్ధారణ అయినట్టే. ఇది ఎలక్ట్రీషియన్ చేయవలసిన పరీక్ష, మీరు చేయవలసింది కాదు. మీకు కావలసింది ఒక్కటే: "కరెంటు లేదు" అంటే "తీగ ముట్టుకోవచ్చు" అని అర్థం కాదు.

60 గొప్పా, 100 గొప్పా?

ఇక చివరి చిక్కు. పరీక్షల్లో పిల్లలను పడగొట్టే పాత ప్రశ్న ఇది. 60 వాట్ల ఫిలమెంటు బల్బు, 100 వాట్ల ఫిలమెంటు బల్బు ఒకదాని తర్వాత ఒకటి శ్రేణిలో కలిపి 230 వోల్టులకు తగిలిస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది? 100 అనబోయారు కదూ?

లెక్క చేద్దాం. వోల్టుల వర్గాన్ని వాట్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. 230 వర్గం 52,900. దాన్ని 60తో భాగిస్తే దాదాపు 882 ఓమ్‌లు. 100తో భాగిస్తే 529 ఓమ్‌లు. చిన్న బల్బుకే నిరోధం ఎక్కువ! శ్రేణిలో రెండింటి గుండా ఒకే కరెంటు పోతుంది. మొత్తం నిరోధం 1411 ఓమ్‌లు, కరెంటు సుమారు 0.163 ఆంపియర్లు. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 60 వాట్ల బల్బుకు దక్కేది 23.4 వాట్లు, 100 వాట్ల బల్బుకు 14.1 వాట్లు. చిన్నదే ఎక్కువ వెలుగుతుంది. ఫిలమెంటు బాగా వేడెక్కనప్పుడు దాని నిరోధం తగ్గిపోతుంది కాబట్టి నిజంగా కొలిస్తే అంకెలు కొంచెం మారతాయి, గెలిచేది మాత్రం చిన్నదే.

ఇళ్లలో బల్బులను శ్రేణిలో ఎవరు పెడతారు, ఇది పరీక్షల కోసం పుట్టించిన లెక్క అంటారేమో. కాదు. ఎవరూ పెట్టకుండానే ఒక్కోసారి వీధిలో ఇళ్లకు ఇళ్లే శ్రేణిలో పడిపోతాయి. అప్పుడు ఈ లెక్కే టీవీలనూ ఫ్రిజ్‌లనూ కాల్చేస్తుంది.

వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ బయలుదేరుతాయి. మీ ఇంటికి ఒక ఫేజు, పక్కింటికి ఇంకో ఫేజు, ఆ పక్కింటికి మూడోది, న్యూట్రల్ మాత్రం అందరికీ ఉమ్మడి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు. ఫేజుకూ ఫేజుకూ మధ్య ఎంత? 460 కాదు. మూడు ఫేజులూ ఒకేసారి ఊగవు, ఒకదానికొకటి 120 డిగ్రీలు వెనకబడి ఊగుతాయి. కాగితం మీద ఒక బిందువు నుంచి 230 పొడవున్న రెండు గీతలు 120 డిగ్రీల కోణంలో గీసి, వాటి కొసలు కలపండి. త్రిభుజాన్ని సగానికి చీలిస్తే 60 డిగ్రీల లంబకోణ త్రిభుజం. సగం భుజం 230ని 60 డిగ్రీల సైనుతో గుణిస్తే 199. రెండింతలు 398. దీన్నే లెక్కకు సులువుగా 400 అందాం.

ఇప్పుడు స్తంభం మీద, మీ ఇళ్లకు ముందే, ఉమ్మడి న్యూట్రల్ తెగిందనుకోండి. గాలివానకు తెగవచ్చు, జాయింటు తుప్పుపట్టి ఊడవచ్చు. ఒక ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె వేసి ఉంది. ఇంకో ఫేజు మీది ఇంట్లో 100 వాట్ల బల్బు ఒక్కటే వెలుగుతోంది. మూడో ఇంట్లో ఏమీ లేదు. న్యూట్రల్ లేదు కాబట్టి కరెంటు ఇస్త్రీ ఇంటి ఫేజు నుంచి బల్బు ఇంటి ఫేజుకు పోవాలి. రెండు ఇళ్లూ శ్రేణిలో పడ్డాయి, 400 వోల్టుల మీద.

ఇస్త్రీపెట్టె నిరోధం 52.9 ఓమ్‌లు, బల్బుది 529. మొత్తం 581.9. కరెంటు 0.687 ఆంపియర్లు. బల్బు మీద పడే వోల్టేజి 529ని 0.687తో గుణిస్తే 363 వోల్టులకు పైనే! ఇస్త్రీపెట్టెకు మిగిలింది 36. ఇక్కడ బల్బు తన 100 వాట్లకు బదులు దాదాపు 250 వాట్లు మింగుతూ తెల్లగా మండిపోతోంది, అక్కడ ఇస్త్రీపెట్టె చల్లగా పడుకుంది. తక్కువ వాడుకున్న ఇల్లే ఎక్కువ నష్టపోతుంది. బల్బు స్థానంలో టీవీ ఉంటే దాని లెక్క ఇంత సూటిగా ఉండదు, అయినా ఆపద అటువైపే.

మరి ఫ్యూజు ఏం చేస్తోంది? ఏమీ చేయదు. ఫ్యూజు చూసేది కరెంటును, వోల్టులను కాదు. అయిదు ఆంపియర్లకు కరిగే ఫ్యూజు తన గుండా 0.687 ఆంపియర్లే పోతుంటే హాయిగా నిద్రపోతుంది. ఎం.సి.బి. అయినా అంతే.

అందుకే ఈ జబ్బును మనిషే కనిపెట్టాలి. కొన్ని లైట్లు మరీ తెల్లగా వెలుగుతాయి, ఫ్యాను విపరీతంగా తిరుగుతుంది. అదే సమయంలో పక్కింట్లో దీపాలు ఎర్రగా మసకబారతాయి. ఎవరో మోటారో గీజరో వేస్తే మీ ఇంట్లో వెలుగు మారిపోతుంది. ఇది కనబడితే మొదట మెయిను స్విచ్చి కట్టేయించండి, తర్వాత పక్కిళ్లకు చెప్పండి, ఆ తర్వాత కరెంటువాళ్ల 1912 నంబరుకు ఫోను. "వోల్టేజి సరిగా లేదు" అని ఊరుకుంటే రోజూ వచ్చే వంద ఫిర్యాదుల్లో అదొకటి అవుతుంది. "మా ఇంట్లో ఎక్కువ వస్తోంది, పక్కింట్లో తక్కువ, వాళ్లు గీజరు వేస్తే మాకు ఇంకా పెరుగుతోంది, స్తంభం మీద న్యూట్రల్ తెగిందేమో చూడండి" అంటే లైన్‌మన్ నిచ్చెనతో సహా బయలుదేరతాడు. వచ్చి సరిచేసేదాకా మెయిను వేయకూడదు.

మీకోసం ఒక లెక్క. న్యూట్రల్ తెగింది. మొదటి ఇంట్లోనూ రెండో ఇంట్లోనూ సరిగ్గా 1000 వాట్ల చొప్పున వేసి ఉన్నాయి, మూడో ఇంట్లో ఏమీ లేదు. ఒక్కో ఇంటికి ఎన్ని వోల్టులు వస్తాయి? అవి చూసి ఎవరికైనా అనుమానం వస్తుందా? మొదటి ఇంటివాళ్లు ఇస్త్రీ ముగించి, గదిలో 100 వాట్ల బల్బు మాత్రం ఉంచారు, ఇప్పుడో? ఇంకొక్కటి. మూడిళ్లలోనూ సరిగ్గా 1000 వాట్ల చొప్పున వేసి ఉంటే, న్యూట్రల్ ఉన్నా తెగినా ఒక్క వోల్టు కూడా తేడా రాదు. ఎందుకు రాదో ఆ 120 డిగ్రీల బొమ్మకు మూడో గీత కలిపి చూడండి.